రెండో తుమ్ము

శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది. ఆలోపు నాగేంద్రమ్మగారి తోటలో తాంబూలం పుచ్చుకోవాలి. ఆ ఉదయం ప్రేమ్‌చంద్ పెట్టుకున్న పని అదొక్కటే. ఇడ్లీ తింటూ కూడా గడియారం వంకే చూశాడు. ఏం జరిగినా సరే, టైముకు ఆ చెట్టు కింద ఉండి తీరతానని భార్య పుష్పావతితో చెప్పి కారు తాళాలు తీసుకున్నాడు.

ప్రేమ్‌చంద్‌ది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. ఆగిరిపల్లి దగ్గర నాగేంద్రమ్మకు రసాల తోట ఉంది. అతని తండ్రి బతికున్నంతకాలం ఆ తోట కాపు గుత్తకు తీసుకున్నది ఆయనే. నిరుడు అది చెయ్యిజారింది. గుత్త ఖాయం చేసే తాంబూలం నాడు ప్రేమ్‌చంద్ హనుమాన్ జంక్షన్‌లో పని చూసుకుని వస్తూ లారీల వెనక ఇరుక్కున్నాడు. చేరేసరికి రాహుకాలం వచ్చింది. సాయంత్రం తోట కృష్ణమూర్తి అనే ఇంకో వ్యాపారి చేతికి పోయింది. ఆ వేసవంతా తోటి వ్యాపారులు అతన్ని ఒకే మాటతో పలకరించారు: "ఏంటి ప్రేమ్, ఈ ఏడు రసాలు కొనుక్కుని తింటున్నావంట?"

అందుకే ఈసారి బండి సంగతి ముందే చూసుకున్నాడు. అతని కారుకు ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉంది. పుష్పావతి తమ్ముడు సతీష్‌కు హనుమాన్ జంక్షన్‌లో కారు సామాన్ల దుకాణం ఉంది. ఇంజనుకు గాలి వెళ్లే దారిలో కంపెనీవాళ్లు మూతపెట్టె పెడతారనీ, అది ముక్కు మూసుకుని పరిగెత్తడం లాంటిదనీ సతీష్ చెప్పాడు. ముందురోజు ఆ పెట్టె పీకేసి, గరాటు ఆకారంలో ఉన్న ఎర్ర ఫిల్టరు బిగించాడు. "ఇక బండి గుండెల నిండా పీల్చుకుంటుంది బావా" అన్నాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడు మిగిలిన గాలి ఎటు పోతుందో మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆ గాలి చప్పుడు మూతపెట్టెలోనే అణిగిపోయేది.

ఆ ఉదయం సతీష్ కూడా బండెక్కాడు. దారిలో కాలు తీసినప్పుడల్లా బండి గట్టిగా గాలి వదిలింది. ప్రేమ్‌చంద్ ముఖం చిట్లించాడు. దీనికోసమే జనం ఎగబడి బిగించుకుంటున్నారని సతీష్ సర్దిచెప్పాడు.

తోటలో మొదటి చెట్టు కిందే తాంబూలం ఇవ్వడం నాగేంద్రమ్మ పద్ధతి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. తోటకు తీసుకెళ్లడం పుచ్చుకునేవాళ్ల పని. ఆవిడ ఇల్లు మెరక మీద ఉంది. గేటు ముందు ఏటవాలు ఎక్కాలంటే గట్టిగా తొక్కాలి, ఎక్కగానే కాలు తీయాలి. ప్రేమ్‌చంద్ అలాగే చేశాడు. సరిగ్గా అప్పుడే నాగేంద్రమ్మ తమలపాకుల పళ్లెంతో గడప దాటుతోంది.

"హాఛ్‌స్స్" అంది బండి.

నాగేంద్రమ్మ దాటిన కాలు వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని, తోటమాలి శౌరిని మంచినీళ్లు తెమ్మంది. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినపడితే ఆవిడ చేసే పని అదే.

ప్రేమ్‌చంద్ వరండాలోకి పరిగెత్తాడు. తను తుమ్మలేదనీ, సతీష్ కూడా తుమ్మలేదనీ, అది బండి చేసిన చప్పుడనీ విన్నవించుకున్నాడు.

"బండి తుమ్మితే తుమ్ము కాదా నాయనా?" అంది నాగేంద్రమ్మ.

"అది గాలి పిన్నిగారూ. ఇంజన్లో ఎక్కువైన గాలి."

"మనం తుమ్మినా గాలేగా వచ్చేది."

ప్రేమ్‌చంద్ జంట తుమ్ములకు దోషం లేదని గుర్తొచ్చి, బండిచేత ఇంకోటి తుమ్మిస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తుమ్ము తనంతట తాను రావాలంది, కావాలని తెప్పించుకున్నది లెక్కలోకి రాదంది. నీళ్లు నిదానంగా తాగింది.

రెండోసారి బయల్దేరారు. ఈసారి ఆవిడ బండెక్కింది. పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. గేటు దాటి రోడ్డెక్కి ప్రేమ్‌చంద్ కాస్త వేగం అందుకున్నాడో లేదో, ఒక గేదె అడ్డం వచ్చింది. కాలు తీయక తప్పలేదు.

"హాఛ్‌స్స్."

"వెనక్కి తిప్పు" అంది నాగేంద్రమ్మ.

మళ్లీ కుర్చీ, మళ్లీ నీళ్లు. ఈలోపు టీకొట్టుకు వెళ్లిన శౌరి, తుమ్ముల వల్ల అమ్మగారి ప్రయాణం ఆగిపోతోందని అక్కడ చెప్పాడు. టీకొట్టులో అది ప్రేమ్‌చంద్‌కు జలుబని తేలింది. ఫోన్లో కృష్ణమూర్తికి చేరేసరికి జ్వరమైంది. నిరుటిలా ప్రేమ్‌చంద్‌కు వేళ తప్పితే సాయంత్రం వద్దామనుకున్న కృష్ణమూర్తి తెల్లచొక్కా వేసుకుని, జ్వరం మాత్రలు కొనుక్కుని, తన కారులో అప్పుడే వచ్చేశాడు.

"ఒంట్లో బాగోనప్పుడు ఎందుకయ్యా ఈ తిప్పలు? ఇంటికెళ్లి పడుకో. అమ్మగారిని నేను తీసుకెళ్తాను" అంటూ మాత్రలు ప్రేమ్‌చంద్ చేతిలో పెట్టాడు.

"నాకేం జ్వరం లేదండీ. తుమ్మింది బండి."

కృష్ణమూర్తి అతని నుదుటి మీద చెయ్యివేసి చూశాడు.

నాగేంద్రమ్మ కల్పించుకుంది. "మాటిచ్చింది ఈ అబ్బాయికి. రాహుకాలం వచ్చేదాకా వీడిదే. వచ్చాక నువ్వు అడుగు, కృష్ణమూర్తీ."

కృష్ణమూర్తి సంతోషంగా ఒప్పుకుని, తన కారులోనే కూర్చుని గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

ప్రేమ్‌చంద్ సతీష్‌ను పక్కకు లాగాడు. "ఒరేయ్, దాని నోరు ముయ్యి. ఎలా మూస్తావో నాకు తెలీదు."

సతీష్ బానెట్ ఎత్తి, తన తువ్వాలును ఎర్ర ఫిల్టరు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడేశాడు. బండి స్టార్టయింది, తుమ్మలేదు. నాగేంద్రమ్మ ఎక్కి కూర్చుంది. గేటు దాటి నాలుగు గజాలు వెళ్లాక బండికి ఊపిరాడలేదు. రెండుసార్లు వణికి ఆగిపోయింది. నిన్న సాయంత్రం గుండెల నిండా గాలి పెట్టించుకున్న బండి అది.

తువ్వాలు తీస్తే తుమ్ముతుంది, తీయకపోతే కదలదు. కృష్ణమూర్తి కారు మెల్లగా వచ్చి వెనక ఆగింది. ప్రేమ్‌చంద్ చొక్కా చేతులు పైకి మడిచాడు. సతీష్‌ను స్టీరింగు పట్టుకోమని, శౌరిని పిలిచి, తను వెనక్కి వెళ్లి భుజం ఆనించాడు.

"బావా, తోట దాకానా?" అన్నాడు సతీష్.

"తోట దాకానే."

నెట్టారు. సైకిళ్లవాళ్లు దాటిపోతూ టర్బో బండేనా అని అడిగారు. ఒకాయన పెట్రోలు అయిపోయిందనుకుని క్యాను తెస్తానన్నాడు. కృష్ణమూర్తి వెనకే వస్తూ, ప్రేమ్‌చంద్ అలుపు తీర్చుకోవడానికి ఆగినప్పుడల్లా హారన్ కొట్టాడు. నాగేంద్రమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు బాగుంది నాయనా, చప్పుడే లేదు" అంది.

తోట పూత మీద ఉంది. కొమ్మలు కనపడడం లేదు. ప్రేమ్‌చంద్ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, చెమట మీద పుప్పొడి పడి పసుపు రాసుకున్నట్టున్నాడు. అయినా టైముకు వచ్చాడు. సతీష్ బండిని బాటలోనే వదిలి దిగాడు. నాగేంద్రమ్మ శౌరి చెయ్యి పట్టుకుని మొదటి చెట్టు కిందికి నడిచి, తూర్పుకు తిరిగి నిలబడింది. ఆకులూ వక్కలూ తీసి ముందుకు చాపింది. ప్రేమ్‌చంద్ రెండు చేతులూ పట్టాడు. తండ్రి ఈ చెట్టు కిందే పట్టేవాడు.

గాలి వీచింది. పూత రాలి అతని ముక్కు మీద పడింది. అతను పెదవి కొరికాడు, ఊపిరి బిగపట్టాడు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేతులు మాత్రం చాపే ఉంచాడు.

తుమ్మాడు.

నాగేంద్రమ్మ చెయ్యి ఆగిపోయింది. అక్కడ కుర్చీ లేదు, నీళ్లు లేవు. ఇంటికి వెళ్లి వచ్చే టైము అంతకన్నా లేదు.

"ఏం చేయను నాయనా" అని ఆవిడ ఆకులు పళ్లెంలో పెట్టబోయింది.

బాట మీద కృష్ణమూర్తికి ఆ తుమ్ము వినపడింది. తనకు వేళ దగ్గరపడిందని అర్థమైంది. కానీ ముందు ప్రేమ్‌చంద్ బండి అడ్డంగా ఉంది. ఆగకుండా హారన్ కొట్టాడు, బండి తీయమని సతీష్ మీద కేకలేశాడు. సతీష్ విసుక్కుంటూ బానెట్ ఎత్తి, తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, బండి స్టార్ట్ చేశాడు. దాన్ని పక్కనున్న గట్టు మీదికి ఎక్కించడానికి గట్టిగా తొక్కి, ఎక్కగానే కాలు తీశాడు.

"హాఛ్‌స్స్."

తోటలో అందరూ అటు తిరిగారు. నాగేంద్రమ్మ పళ్లెం మీది చెయ్యి తీయకుండా చెవి ఒగ్గింది. మూడోది రాలేదు.

"పిన్నిగారూ, ఇది నేను తుమ్మించింది కాదండీ" అన్నాడు ప్రేమ్‌చంద్.

"చూశాను. కృష్ణమూర్తి తుమ్మించాడు" అని నాగేంద్రమ్మ తాంబూలం అతని చేతుల్లో పెట్టింది.

దారి దొరికిన కృష్ణమూర్తి చెట్టు కిందికి వచ్చేసరికి ప్రేమ్‌చంద్ వక్క నములుతున్నాడు. మాత్రలు తిరిగి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే ప్రేమ్‌చంద్ తన పాత మూతపెట్టె బిగించుకున్నాడు. ఎర్ర ఫిల్టరు కోసం మర్నాడు కృష్ణమూర్తి సతీష్ దుకాణానికి వచ్చాడు. ఆగకుండా రెండు తుమ్ముతుందా అని మాత్రం కనుక్కున్నాడు.