ముందు బోర్డు

వరప్రసాదం ఇంట్లో జరిగిన రభసకు కారణం బావమరిది హెన్రీ. ఇందులో రెండో మాట లేదు. వరప్రసాదం భార్య ఆనందమ్మ భూస్థాపన నాడు, పెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే, కాళ్ల కింద చెక్కలు కిర్రుమంటే, "దీని మీద టైల్సు ఎట్టా నిలస్తాయి బావా? అక్కకు ఊరికే ఆశ పెట్టినావు" అన్నది హెన్రీయే. పదిమంది విన్నారు.

ఉదయగిరిలో ఆ ఇంటి ముందు రాళ్ల గుంట మీద దూలాలు వేసి, చెక్కలు పరిచి వసారా కట్టింది వరప్రసాదమే. రోడ్ల పనుల్లో ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసిన మనిషి. తర్వాత చుట్టూ గోడలు లేపి ఎనిమిదికి ఎనిమిది అడుగుల గది చేశాడు. అందులో తెల్ల టైల్స్ వేయించమని భార్య అడుగుతూనే పోయింది. ఆదివారం ఆమె పోయిన సంవత్సరానికి చేసే ప్రార్థన కూడిక. ఆలోపు టైల్స్ పడాలి, వాటి మీద హెన్రీ నడవాలి. సోమవారం పొద్దున ఆయనకున్న ఆలోచన అంతే.

ఆత్మకూరు నుంచి టైల్స్ పనివాడు మస్తాన్ వచ్చి చెక్కలను మడమతో తొక్కి చూశాడు.

"గట్టిగానే ఉండాది పెద్దాయనా. అయినా చెక్క ఉబ్బతాది. టైల్సు కన్నా ముందు బోర్డు పడాల. ఎనిమిదికి నాలుగువి రెండు తెచ్చి పెట్టు. శుక్రవారం వస్తా."

"ముందు బోర్డని నాకు చెప్తావేందిరా? ఎన్ని రోడ్లు వేసినాను!"

ఆయన వేసిన ఏ రోడ్డుకైనా కంకర కన్నా ముందు బోర్డే వచ్చేది. పని పేరు, పొడవు, చేయించిన వారి పేరు. కొన్ని రోడ్లకు బోర్డు తర్వాత ఇంకేమీ రాలేదు కూడా. ఇంటిపనికి సైతం ఆ పద్ధతి పాటించే మనిషి దొరికాడని వరప్రసాదం పొంగిపోయాడు.

మరునాడే బస్సెక్కి ఆత్మకూరులో పెయింటర్ కేశవ దగ్గరికి వెళ్లాడు.

"ఏం రాయాల?"

"పని, టైల్సు పరచుట. స్థలం, వసారా. ఆనందమ్మ కోరికపై వరప్రసాదం చేయించునది. ఎనిమిదికి నాలుగువి రెండు, రెండిటి మీదా అదే."

"ఎండకీ వానకీ ఆగాల్నా?"

"నేను పోయినా ఆగాల."

గురువారం సామాన్ల ఆటోలో బోర్డులు వచ్చాయి. ఒక్కోటి దించడానికి నలుగురు పట్టారు. రోడ్డుకు పెట్టినట్టే ఇంటికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి నిలబెట్టించాడు.

మధ్యాహ్నానికి వరప్రసాదం టైల్స్ అంగడి పెట్టాడని కొండాపురం దాకా పాకింది. ఒకాయన వచ్చి బాత్రూముకు నీలం రంగువి చూపించమన్నాడు. పక్కింటి దేవకమ్మ అది సర్కారు పథకమనుకుంది. ఎనిమిదిమంది ఆడవాళ్లను ఆధార్ కార్డులతో వెంటబెట్టుకొచ్చి, "నీకొక్కడికేనా? మావి వసారాలు కావా?" అని నిలదీసింది. ఆ కేకలకు గ్రామ సచివాలయం నుంచి ఉద్యోగి రేణుకాదేవి వచ్చింది.

"ఇది ఏ పథకం సార్?"

"నా పెళ్లాం పథకం. పోండి!"

శుక్రవారం మస్తాన్ వచ్చేసరికి, అంగడి చూద్దామని హెన్రీ కూడా దిగి ఉన్నాడు.

"బోర్డులేవి పెద్దాయనా?"

"కండ్లు కనపడలా? రెండు కొసలా ఉండాయి."

మస్తాన్ చదివి తల పట్టుకున్నాడు. "నేను చెప్పింది చెక్క మీద పరిచే సిమెంటు బోర్డు!"

హెన్రీ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. "బోర్డు వచ్చినాది బావా, రోడ్డే రాలా!"

వరప్రసాదం చెవులు కాలిపోయాయి. కూడికకు రెండు రోజులే ఉన్నాయి. మస్తాన్ బోర్డుకు ఆనుకున్నాడు. అది వంగలేదు. వేలితో కొట్టి చూశాడు. వెనకవైపు తాపీతో గీకాడు.

"ఇది రేకు గాదు పెద్దాయనా! సిమెంటు బోర్డే!"

తాను పోయినా ఆగాలన్న మాటను కేశవ నిజంగానే పట్టించుకుని, రేకు బదులు సిమెంటు బోర్డు మీద రాశాడు.

సాయంత్రానికి రెండు బోర్డులూ చెక్కలకు బిగిశాయి. రంగు మీద జిగురు పట్టదని మస్తాన్ వాటిని తిరగేశాడు.

"అక్షరాలు కిందికి పోతాయే, పరవాలేదా?"

"పోనీరా. చదవాల్సిన మనిషి కిందనే ఉండాది."

శనివారం టైల్స్ పడ్డాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక హెన్రీ ఒక్కో టైలునూ మడమతో గుద్ది చూశాడు. ఒక్కటీ కదల్లేదు. పదిమందీ చూశారు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"సిమెంటు బోర్డు మీదే రాయించాలని నీకెట్టా తోచింది బావా?"

"తెలిసే చేసినాను. ఆ మాట ఇంక నా దగ్గర ఎత్తబాక."

వరప్రసాదమూ మళ్లీ ఎత్తలేదు. ఆత్మకూరులో కేశవ ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలికి పోతాడు.