మిగిలిపోయిన ఒక్క పేపరు

ముబీన్ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే టిఫిన్ తిని, పనిచేసే ఎరువుల కొట్టుకి వెళ్తున్నానని చెప్పి, అద్దంకి కాలేజీలో పది గంటలకు స్టాటిస్టిక్స్ పరీక్ష రాసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేయడం. డిగ్రీలో మిగిలింది ఆ ఒక్క పేపరే. ఆరేళ్లుగా తప్పుతూనే ఉన్నాడు. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే చదివిన చదువంతా నీళ్లపాలే.

చిక్కల్లా, పాసయ్యానని తండ్రి అష్రఫ్‌కి ఆరేళ్ల కిందటే చెప్పేశాడు. పరుపులు కుట్టే అష్రఫ్ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ముబీన్ ఒక్కడే. ఫెయిలయ్యానని చెప్పడానికి పాపం నోరు రాలేదు. సర్టిఫికెట్ ఏదిరా అని అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చాడు. మొన్న మరీ నిలదీస్తే, "పదిహేనో తారీఖుకి ఆ పని అయిపోద్ది నాన్నా," అన్నాడు.

పదిహేనో తారీఖు పొద్దున తలుపు తీస్తే వీధిలో షామియానా. "పట్టభద్రుడైన ముబీన్‌కు శుభాకాంక్షలు" అంటూ మనిషంత ఫ్లెక్సీ. కుర్చీల్లో సగం ఊరు. ఊరందరికీ అక్షరాలు దిద్దబెట్టిన యలమందయ్య మాస్టారు శాలువా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏంటి నాన్నా ఇది?"

"ఇవ్వాళ సర్టిఫికెట్ వస్తదని నువ్వేగా చెప్పావు. కూర్చో."

మాస్టారి ఉపన్యాసం తొమ్మిదింటికి మొదలైంది. తొమ్మిదిన్నరకు ఇంకా ముబీన్ ఒకటో తరగతి దగ్గరే ఉంది. శాలువా కింద ముబీన్‌కు చెమటలు కారిపోతున్నాయి. ఇక లాభం లేదని లేచి, కాలేజీకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంటానన్నాడు. అదే కొంప ముంచింది.

"ఒక్కడివే ఎందుకురా? అందరం పోదాం," అన్నాడు అష్రఫ్.

పరుపులు మోసే ట్రాలీ ఆటోలో మాస్టారితో సహా పద్నాలుగుమంది ఎక్కారు. దారిలో మిర్చి బస్తాల ట్రాక్టర్ ఒకటి అడ్డంపడింది. కాలేజీ గేటు చేరేసరికి పదీ ఇరవై.

సర్టిఫికెట్ కోసం వచ్చామనగానే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పాసైనోళ్లకి ఇవ్వాళ పనిలేదండి. పరీక్ష రాసేవాళ్లనే పంపుతాం. పదిన్నరకి గేటేసేస్తాం."

ఇక దాచి లాభం లేదు. ముబీన్ చొక్కాలోంచి హాల్‌టికెట్ తీశాడు. "నేను పాసవలేదు నాన్నా. ఒక్క పేపరు మిగిలింది. ఇవ్వాళే ఆఖరు."

అష్రఫ్ ఆ కాగితం లాక్కున్నాడు. "నీ మాట ఇంకా నమ్మమంటావా? మాస్టారూ, ఇందులో ఏముందో మీరు చదవండి."

మాస్టారు ఏది మొదలుపెట్టినా చివరిదాకా చదివే మనిషి. కళ్లజోడు వెతికి, తుడిచి, పేరు, తండ్రి పేరు, నంబరు, అన్నీ చదివి తెలుగులో అర్థం కూడా చెప్పారు. వెనక్కి తిప్పి నిబంధనలు అందుకున్నారు.

"మాస్టారూ, టైమైపోతందండి," అని గొణిగాడు ముబీన్.

"ఉండరా, అయిపోవచ్చింది."

చదువు చెప్పిన మనిషి చేతిలోంచి కాగితం గుంజుకోవడానికి ముబీన్‌కు చెయ్యి రాలేదు.

"తొమ్మిదోది. పదిన్నర దాటాక వచ్చినవారిని ఏ కారణం చేతనూ లోపలికి అనుమతించరు," అని చదివారు మాస్టారు. వాచ్‌మన్ గేటు మూసి తాళం వేశాడు.

అష్రఫ్ ఊచలు పట్టుకుని బతిమాలాడు. వాచ్‌మన్ తనేం చేయలేనన్నాడు. "నువ్వు నిజం చెప్పిన రోజే నీ గొంతు కోశాన్రా," అంటూ అష్రఫ్ అక్కడే కూలబడ్డాడు. అది చూసి ముబీన్‌కు ఏడుపు ఆగలేదు. తిరిగొచ్చి ఇంటి ముందు ఆటో దిగుతూ అష్రఫ్ ఒకే మాట అడిగాడు.

"మళ్లీ మొదట్నించీ చదవనిస్తారంట్రా?"

చదవనిచ్చారు. ఇరవై ఏడేళ్ల ముబీన్ ఇప్పుడు డిగ్రీ ఫస్టియర్.