రేహానా ఆది జాకెట్టు

ఏలూరు పవర్‌పేటలో న్యూ స్టైల్ లేడీస్ టైలర్స్ ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రేపు మునీరు కొట్టు ఎక్కడంటే మాత్రం దగ్గరుండి దింపి వస్తారు. ఆ పేరు మునీరుకి ఊరికే రాలేదు. జాకెట్టు ఎప్పుడిస్తారని అడిగిన ప్రతి మనిషికీ పాతికేళ్ళుగా అతను ఒకటే మాట చెబుతున్నాడు. మాట మార్చే మనిషి కాదు.

అలాంటి మునీరుకి ఒక సోమవారం పొద్దున్న ఇంట్లో ఇబ్బంది వచ్చింది.

“ఏవండీ, వచ్చే ఆదివారానికి మన పెళ్ళయి పాతికేళ్ళు. ఈసారి నాకేమీ తేకండి,” అంది అతని భార్య రేహానా, క్యారేజీ గిన్నెలు సర్దుతూ.

“అదేంటి, ఎప్పుడూ తెస్తూనే ఉన్నాను కదా.”

“తెస్తూనే ఉన్నారు. అందుకే చెప్తున్నానండీ.”

నిజానికి మునీరు పీనాసి కాదు. పదో పెళ్ళిరోజుకి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. అది వారం తిరక్కుండా కొట్టుకి చేరింది. పదిహేనో పెళ్ళిరోజుకి టేబుల్ ఫ్యాను తెచ్చాడు. దాని గాలి రేహానాకి రెండు రోజులు తగిలింది, మూడో రోజు నుంచి జాకెట్ల కోసం కూర్చున్న వాళ్ళకి తగులుతోంది. ఇరవయ్యో పెళ్ళిరోజుకి గోడ గడియారం. రేహానా తన కానుకలన్నీ ఒకసారి చూసుకోవాలనుకుంటే కొట్టు దాకా నడిచి వెళ్ళాలి.

పక్కన గాజులూ లేసులూ అమ్మే బాపిరాజుతో మునీరు ఈ సంగతి చెప్పాడు. బాపిరాజు చేతిలో ఉన్న గాజుల డజను కింద పెట్టేశాడు.

“ఏమీ వద్దన్నారా? జాగ్రత్తండి మునీరు గారూ. మా ఆవిడ ఒకసారి ఏమీ వద్దంది. నేను నమ్మాను. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో చారు తప్ప ఏమీ కాగలేదు.”

“మరి ఏం ఇవ్వమంటారు?”

“కొని తెచ్చేది ఎవరైనా తెస్తారండి. మీ చేత్తో చేసింది ఇవ్వండి. ఆవిడకి మీరు ఆఖరుసారి జాకెట్టు ఎప్పుడు కుట్టారు?”

మునీరు చాలాసేపు గోడ గడియారం వంక చూశాడు. నాలుగేళ్ళ కిందట రేహానా ఒక ఆకుపచ్చ ముక్క తెచ్చి ఇచ్చినట్టు గుర్తు. రేపు అన్నాడు. పదకొండు నెలల పాటు అదే మాట అన్నాడు. తర్వాత ఆ ముక్క కొట్టులో కనపడలేదు, ఆవిడా అడగడం మానేసింది. పోనీలే మర్చిపోయిందని అతను అప్పట్లో సంతోషించాడు కూడా.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ పుస్తకంలో ఉన్నాయి, రేహానావి లేవు. ఈ పాతికేళ్ళలో ఒక్కసారైనా తన చేతి కుట్టు వేసుకుని ఆవిడ మురిసిపోతే చూడాలని మునీరుకి మనసైంది.

పథకం తేలికైనదే. రేహానా అక్క గుల్నాజ్ తన కూతురి పెళ్ళిలో పెట్టిన వంకాయ రంగు పట్టుచీర, జాకెట్టు ముక్క కుట్టించకుండానే బీరువాలో ఉంది. ఆ ముక్కనీ, కొలతకి ఆదిగా రేహానా పాత జాకెట్టొకదాన్నీ గుట్టుగా తెచ్చుకోవాలి. మంగళవారం ఆవిడ ఇంట్లో ఉండదు. గుల్నాజ్‌కి మోకాళ్ళ నొప్పులని రేహానా ప్రతి మంగళవారం తాడేపల్లిగూడెంలో అక్క ఇంటికి వెళ్తుంది, నాలుగేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. ఈ పనికి అంతకన్నా మంచి రోజు దొరకదు.

మంగళవారం వచ్చింది. మునీరు బీరువా ముందు నిలబడి, రేపు చూద్దాంలే అనుకున్నాడు.

బుధవారం రేహానా ఇంట్లోనే ఉంది. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మునీరు గబగబా బీరువా తెరిచి, చేతికందిన ఆకుపచ్చ జాకెట్టూ వంకాయ రంగు ముక్కా లాగాడు. చేతిలో పట్టుకెళ్తే కనపడుతుంది. అందుకని క్యారేజీలో మధ్యనున్న కూర గిన్నె తీసి అలమరలో పెట్టి, అంతే పెద్దదైన ఖాళీ గిన్నె ఒకటి తీసుకుని, అందులో రెండూ కుక్కి మూత బిగించాడు.

కొట్టులో గిన్నె తెరిచి జాకెట్టుని తిరగేశాడు. టైలరన్నవాడు జాకెట్టుని మొదట లోపలి వైపే చూస్తాడు. హెమ్మింగు చీమల బారులా సన్నగా, సూటిగా ఉంది. ప్రతి హుక్కు కిందా మూడేసి ముడులు. ఎవరు కుట్టారో గానీ చెయ్యి తిరిగిన మనిషి. మెడ పట్టీ వెనక చిన్న లేబులు ఉంది. సుల్తానా లేడీస్ టైలర్స్, తాడేపల్లిగూడెం.

“రాజు గారూ, నా భార్య పక్క ఊళ్ళో కుట్టించుకుంటోందండి,” అన్నాడు మునీరు.

బాపిరాజు లేచి వచ్చి, ఇంట్లో మనిషి పోయినప్పుడు పట్టుకున్నట్టు అతని భుజం పట్టుకున్నాడు.

ఒక్కటే ఊరట. టేపు పెట్టి చూస్తే ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం దిగి ఉంది. ఎంత చెయ్యి తిరిగినా తప్పు తప్పే. ఆ తప్పుని తను దిద్ది కుడితే, అసలు టైలరు ఎవరో రేహానాకే తెలుస్తుంది.

సాయంత్రం ఇంటికి రాగానే రేహానా క్యారేజీ అందుకుంది.

“కొర్రమీను పులుసు ఎలా ఉందండీ?”

“చాలా బాగుంది. వేళ్ళు నాకాను.”

“ముక్క మెత్తగా ఉడికిందా?”

“వెన్నలా ఉంది.”

“ఉప్పు?”

“సరిగ్గా సరిపోయింది.”

“మంచిదండీ,” అంది రేహానా. రాత్రి భోజనంలో అతనికి కొర్రమీను పులుసే వడ్డించింది. పొద్దుటిది మిగిలిందనుకుని మునీరు రెండుసార్లు వేయించుకున్నాడు.

తింటుంటే ఆవిడే అంది, “బీరువాలో నా ఆకుపచ్చ జాకెట్టు కనపడ్డం లేదండీ.”

“నాకేం తెలుసు? నేనేమైనా జాకెట్లు వేసుకుంటానా?”

“వేసుకోరండీ. కుడతారు. ఊరందరివీ.”

మర్నాడు మిషనుకి బెల్టు తేవాలని ఇంట్లో చెప్పి మునీరు తాడేపల్లిగూడెం రైలెక్కాడు. ఆ సుల్తానా ఎవరో చూడకపోతే చెయ్యి కుట్టు మీదికి పోయేలా లేదు.

సుల్తానాకి యాభై దాటి ఉంటాయి. ముందు జాకెట్టుని చూసింది, తర్వాత మునీరుని పైనుంచి కిందికి చూసింది.

“ఇది మా చెల్లెలిదండి. మీ దగ్గర ఎవరు కుట్టారో కనుక్కుందామని,” అన్నాడు మునీరు.

“చెప్పనండి. చెప్తే మీరు ఏలూరు తీసుకుపోతారు.”

“ఎడమ భుజం అరంగుళం తప్పొచ్చిందండి. చెప్దామని వచ్చాను.”

“అది తప్పు కాదండి.”

“నాకు పాతికేళ్ళ అనుభవం.”

“కుట్టిన మనిషికి ఆ భుజంతో అంతకన్నా ఎక్కువ అనుభవం ఉందండి,” అంది సుల్తానా, ఎంతో మర్యాదగా. టీ కూడా ఇప్పించింది.

తిరుగు రైల్లో భీమడోలు దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దాయన, “మీరు టైలరాండి?” అని అడిగాడు. మీకెలా తెలుసన్నాడు మునీరు. ఆయన అతని మెడ వంక చూపించాడు. టేపు పొద్దుటి నుంచి అక్కడే వేలాడుతోంది. తనది ఏలూరని సుల్తానాతో తను చెప్పనేలేదన్న సంగతి కూడా మునీరుకి అప్పుడే తట్టింది. మెడలో టేపు మీద ఊరి పేరు ఉండదే అని కాసేపు ఆశ్చర్యపోయి, అంతటితో వదిలేశాడు.

శుక్రవారం, శనివారం కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ రేపు అని చెప్పి వంకాయ రంగు ముక్క ముందేసుకున్నాడు. ఆకుపచ్చ జాకెట్టు పెట్టి కత్తిరించాడు. భుజాలు రెండూ టేపు పెట్టి సమానం చేశాడు. హుక్కుకి నాలుగేసి ముడులు వేశాడు. సుల్తానా కొట్టులో మూడే కదా.

ఆదివారం పొద్దున్న జాకెట్టుని అట్టపెట్టెలో పెట్టి భార్య చేతికిచ్చాడు. రేహానా మూత తీసి చూసింది. లోపలికి వెళ్ళి, ఆ జాకెట్టు తొడుక్కుని, వంకాయ రంగు చీర కట్టుకుని బయటికి వచ్చింది.

“కొలతలెలా వచ్చాయండీ?”

“కొలతలెందుకు? పాతికేళ్ళుగా చూస్తున్నాను. కంటి కొలతే.”

రేహానా వంటింట్లోకి వెళ్ళి, బుధవారం అలమరలో ఉండిపోయిన కూర గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. కడిగి తుడిచిన గిన్నె.

“కంటికి ఇది ఆనలేదా?”

మునీరు గిన్నె వంక చూశాడు. గిన్నె చాలా శుభ్రంగా ఉంది.

“జాకెట్టు బాగుందండీ. ఎడమ భుజమే జారుతోంది,” అంది రేహానా.

“జారదు. ఆది జాకెట్టులో అరంగుళం తప్పుంటే నేనే దిద్దాను.”

“అది తప్పు కాదండీ, నా భుజం. పెళ్ళైన కొత్తలో కొట్టు లేదు కదా. మీరు కుట్టిన బట్టల మూట ఈ భుజాన వేసుకుని ఐదేళ్ళు ఇంటింటికీ తిరిగాను. అప్పట్నుంచీ అరంగుళం కిందికే ఉంది.”

మునీరు ఆవిడ రెండు భుజాల మీదా చేతులు పెట్టి చూశాడు. ఆ మూటలు కట్టి ఆవిడ భుజానికెత్తింది తనే. ఊళ్ళో ఎవరి భుజం ఎటు వాలిందో చీకట్లో అడిగినా చెప్పగలడు. ఈ ఒక్క భుజం ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా చూడలేదు. తన మీద తనకే కోపం వచ్చింది, అంతకు మించి బాధ కలిగింది.

“ఇదిగో, ఇది మీకు,” అని రేహానా ఒక పొట్లం ఇచ్చింది. లోపల చొక్కా. మునీరు అలవాటు కొద్దీ తిరగేసి చూశాడు. చీమల బారు. ప్రతి గుండీ కిందా మూడేసి ముడులు.

“ఇది కూడా సుల్తానా కొట్లోదేనా?”

“అక్కడిదేనండీ. కుట్టింది నేను.”

“నువ్వా?”

“మీరు తెచ్చిన ఆకుపచ్చ జాకెట్టు కూడా నేనే కుట్టుకున్నాను. సుల్తానా గారు నేర్పారు. మీరు గూడెం నుంచి రైలెక్కేలోపు ఆవిడ నాకు ఫోను కూడా చేశారు.”

“మరి మీ అక్క మోకాళ్ళు?”

“దానికేం, మేడ మెట్లు నాకన్నా ముందు ఎక్కేస్తుంది.”

“నేర్చుకోవాలనుంటే నన్నే అడగొచ్చు కదా, రేహానా.”

“అడిగానండీ. రేపన్నారు.”

మునీరు తల దించుకున్నాడు. ఆ మాట తన ఇంట్లో కూడా వాడుతున్నానని పాతికేళ్ళలో మొదటిసారి అతనికి అర్థమైంది.

“మరి ఈ పట్టు ముక్క నువ్వే కుట్టుకోవాల్సింది.”

“అన్నీ కుట్టుకున్నాను. ఇది మాత్రం మీరు కుడతారని ఉంచాను,” అంది రేహానా, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. ఆవిడ కళ్ళు చెమర్చాయి. తప్పంతా పొయ్యి పొగదేనన్నట్టు వంటింటి వైపు చూసింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

మునీరు జాకెట్టు విప్పి ఇమ్మన్నాడు. పీట మీద కూర్చుని ఎడమ భుజం కుట్లు విప్పి, అరంగుళం దింపి, చేత్తోనే కుట్టి గంటలో ఇచ్చేశాడు. అడిగిన రోజే జాకెట్టు ఇవ్వడం అతని జీవితంలో అదే మొదటిసారి. రేహానా తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. భుజం కదల్లేదు. ఆవిడ మురిసిపోవడం మునీరు కళ్ళారా చూశాడు.

“నీకింకేం కావాలో చెప్పు,” అన్నాడు, ఆ ఊపులో.

“కొట్లో రెండో మిషను ఉంది కదండీ.”

ఆ మిషను మీద మూడేళ్ళ నాటి జాకెట్ల గుట్ట ఉంది. సోమవారం రేహానా కొట్టుకి రాగానే ఆ గుట్ట దిగింది, పదిహేను రోజుల్లో మాయమైంది. చాలామంది తమ జాకెట్లు గుర్తుపట్టలేకపోయారు, కొందరికి అవి పట్టలేదు. నెల తిరిగేసరికి వచ్చిన వాళ్ళంతా మునీరుకి నమస్కారం పెట్టి రేహానా మిషను దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఇస్త్రీపెట్టె, ఫ్యాను, గడియారం వాటి యజమానురాలి పక్కకి జరిగాయి.

ఆ నెలాఖర్న బాపిరాజు కూతురి పెళ్ళి. రేహానా కుట్టిన చొక్కా ఒంటికి అతికినట్టుంటే, ఇంకొకటి కుట్టమని మునీరు మంచి గుడ్డ తెచ్చి ఆవిడ మిషను మీద పెట్టాడు. ఐదు రోజులు ఆగాడు. ఆరో రోజు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“రేహానా, నా చొక్కా?”

ఆవిడ తలెత్తలేదు. మిషను కూడా ఆపలేదు.

“రేపండీ. ఆది చొక్కా అక్కడ పెట్టి వెళ్ళండి.”

మునీరు ఆది చొక్కా అక్కడ పెట్టి వచ్చి, తన మిషను ముందు కూర్చున్నాడు.