వేలెడు నీలం

ఇకమీదట ఈ దేశంలో ఏ బొమ్మా చెరిగిపోదని, కళకు చావు లేకుండా చేసే పూచీ ప్రభుత్వానిదేనని సాంస్కృతిక మంత్రిగారు సభలో ప్రకటించారు. గోడల మీది బొమ్మలన్నిటినీ ఫొటోలు తీయించి క్లౌడ్‌లోకి ఎక్కిస్తారట. ముందువరసలో కూర్చున్న కళావిమర్శకుడు బావుందన్నట్టు తలూపాడు. అంతమందిలోనూ మంత్రిగారు ఆ ఊగిన తలని గుర్తుపెట్టుకుని, వారం తిరక్కుండా డిజిటల్ కళా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. గుణగ్రహణం అంటే అదీ.

విమర్శకుడు ఇరవయ్యేళ్లుగా పత్రికలో బొమ్మల గురించి రాస్తున్నాడు. రాయనిదల్లా సొంత వదిన వేసిన బొమ్మ గురించే. సైన్‌బోర్డులు రాసుకునే ఆవిడ, పెద్దాసుపత్రి హాల్లో చీటీల కోసం నిలబడ్డ జనాన్ని నలభై అడుగుల గోడ నిండా దింపింది. అన్నీ నిజం మొహాలే. రోగం రొష్టు లేని ఒక పెద్దాయన నెలకోసారి వచ్చి, ఆ వరసలో నీలం గొడుగు పట్టుకున్న తన భార్య పక్కన కాసేపు నిలబడి వెళ్లేవాడు. ఆమె పోయి మూడేళ్లు. రాస్తే అయినవాళ్లని మోస్తున్నాడంటారని విమర్శకుడు జంకేవాడు. వదిన అడిగినప్పుడల్లా రాస్తాలే అనేవాడు.

పదవి రాగానే మొట్టమొదట ఆ గోడనే జాబితాకెక్కించాడు. మంత్రిగారు పరివారంతో వెళ్లి, రెండు గంటలు ఓపిగ్గా నిలబడి ఫొటోలు తీయించారు. మర్నాడే సాంస్కృతిక శాఖ కమిషనర్ ఫైలు పట్టుకొచ్చాడు. ఒకే చిత్రం రెండు చోట్ల ఉండటం డూప్లికేషన్ అవుతుంది గనుక, క్లౌడ్‌లోది ఉంచి గోడమీదిది తొలగించవలెనని అందులో ఉంది. కిందుగా అధ్యక్షుడి సంతకానికి చోటు వదిలారు.

"ఒకసారి ఫొటోలు చూడొచ్చా?" అన్నాడు విమర్శకుడు.

"అప్‌లోడ్ అవుతున్నాయండి. తొంభై మూడు శాతం అయింది. మీరు సంతకం పెట్టేలోపు పూర్తయిపోతుంది."

అంత నమ్మకంగా చెబుతున్న అధికారిని అనుమానించడం మర్యాద కాదు. పైగా ఆ గదిలో అధ్యక్షా అని పిలిపించుకోవడం ఇంకా కొత్తగానే ఉంది. పొడి అక్షరాలు కాకుండా నిండుగా పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. సాయంత్రానికి గోడ మల్లెపువ్వులా తెల్లబడింది.

వదిన గొడవేమీ పెట్టుకోలేదు. ఆ పెద్దాయన వస్తే ఫోన్‌లోనైనా చూపిస్తాను, ఎలా తెరవాలో నేర్పమని అడిగింది. విమర్శకుడు హుషారుగా వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాడు. నలభై రెండు ఫొటోలు, ఒక్కటీ మసకగా లేదు. మొదటిదాంట్లో మంత్రిగారు గోడ ముందు నిలబడి నవ్వుతున్నారు. రెండోదాంట్లో నవ్వకుండా నిలబడ్డారు. మూడోదాన్నుంచి పరివారం కూడా వచ్చి నిలబడింది. వదిన ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయి ముప్పయ్యో ఫొటో దగ్గర ఆగింది. మంత్రిగారి చెవికీ భుజానికీ నడుమ వేలెడు నీలం కనిపించింది.

"ఇది ఆవిడ గొడుగు," అంది. "మనిషేదీ?"

విమర్శకుడు మిగతా పన్నెండూ జరిపి చూశాడు, అన్నిటా మంత్రిగారే. ఇంటికెళ్లి తలుపేసుకుని కూర్చున్నాడు. ఆ గోడనీ, క్యూనీ, మొహాలనీ గుర్తున్నంతవరకూ రాయాలనే కాగితం ముందుకు లాక్కున్నాడు. తీరా కూర్చుంటే ఇన్నిసార్లు ఆ హాల్లోంచి నడిచినవాడికి ఒక్క మొహమూ గుర్తుకు రాలేదు. చేసేదిలేక ఆ వేలెడు నీలం మీదే వెయ్యి మాటలు రాశాడు. జనం వేదనంతా ఒక్క మూలకు కుదించిన నిగ్రహమన్నాడు, చూపించకుండానే చూపించిన నేర్పన్నాడు. పొద్దున పత్రికలో వచ్చింది, మధ్యాహ్నానికి ఫోన్లలో లక్షమంది మెచ్చుకున్నారు. బొమ్మ ఏదని ఒక్కరూ అడగలేదు. వదిన దగ్గర్నుంచి కబురు లేదు.

నాలుగింటికి మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు.

"మీ వ్యాసం చదివి సార్ కదిలిపోయారండి. ఇంత గొప్ప బొమ్మ ఉందని నాకెందుకు చెప్పలేదని మామీద కేకలేశారు. రేపు పది గంటలకి స్వయంగా వచ్చి చూస్తారట. ఆ గోడ ఎక్కడండీ?"

విమర్శకుడు ఫోన్ ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"పనిలో ఉన్నట్టున్నారు," అన్నాడు పీఏ నొచ్చుకుంటూ. "ఏమీ చెప్పక్కర్లేదండీ, లొకేషన్ పెట్టండి చాలు."