సామేలుకు దక్కిన ముందు సీటు

అడవి దారుల్లో గస్తీ తిరిగే పోలీసు జీపులను మందుపాతరలకు చెక్కుచెదరకుండా తీర్చిదిద్దాలని పైవారు సంకల్పించారు. పోయిన నెలలో ఒక జీపు కల్వర్టు మీద గాలిలోకి లేచిపోయింది కనుక, కొంచెం తొందరపడటం మంచిదని కూడా వారికి తోచింది.

జగిత్యాలలో కమిటీ కూర్చుంది. జీపు బరువెక్కితే గుట్ట ఎక్కదు, తేలికగా ఉంటే బాంబుకు ఆగదు అని ఇంజనీరు వివరించాడు. భోజనాల తర్వాత పరిష్కారం దొరికింది. జీపు మొత్తానికి అక్కరలేదు, ఒక్క సీటు కింద మందపాటి ఉక్కు పలక బిగిస్తే చాలు. ఏ సీటు కింద అన్నది సాంకేతిక విషయం. మందుపాతర ఎక్కువగా ముందు చక్రం కిందే పేలుతుందని ఇంజనీరు చెప్పగానే, అధికారి ముందు సీటు వదిలి వెనక్కి మారాలనీ, అధికారి ఎక్కడుంటే పలక అక్కడే ఉండాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. డ్రైవరు గంగారాం గురించి చర్చ రాలేదు. స్టీరింగు ఎట్లాగూ ముందే ఉంటుంది.

కోరుట్లలో వెల్డింగు పని పూర్తయ్యాక ప్రారంభోత్సవం జరిగింది. ఆ జీపులో తిరిగే సర్కిల్ సాబు మైకు అందుకున్నాడు.

"సమానత్వం కోసమని కొందరు తుపాకులు పట్టుకొని అడవుల్లో తిరుగుతున్నారు. ఆ సమానత్వాన్ని మేము ఒక్క జీపులో సాధించి చూపించాం. నేటి నుంచి అధికారి వెనక కూర్చుంటాడు, కానిస్టేబుల్ ముందు కూర్చుంటాడు. అందులోనూ తరతరాలుగా వెనక నిలబడ్డ వారికే తొలి అవకాశం."

చప్పట్లు మోగాయి. ఆ అవకాశం కానిస్టేబుల్ సామేలుకు దక్కింది.

సాయంత్రం ఇంటికి రాగానే అతని భార్య కొమురమ్మ, చాటలో బీడీలు చుడుతూనే అడిగింది.

"గా ఇనుప పలక ఎవల కింద బిగిచ్చిండ్రు?"

"సర్కిల్ సాబు కింద."

"మరి నీ కింద?"

"మెత్తటి సీటున్నది. సాబులు కూసునే సీటు."

"మెత్తగుంటె బాంబు లోపలికి రాదా?"

సామేలు బూట్లు విప్పుతూ, "ఆర్డరొచ్చింది. నేనేం జెయ్యాలె," అన్నాడు.

కొమురమ్మ అత్త మల్లవ్వకు ఈ మాటలు నచ్చలేదు. "మీ మామ బతికినన్ని దినాలు దొర బండెనుక ఉరికిండు. నా కొడుకు ముంగట కూసుంటె నీకెందుకే కండ్లమంట?" అంది.

మల్లవ్వ అన్నదాంట్లో తప్పేమీ లేదు. జీపు ఊళ్లోంచి పోతుంటే, నిన్నటిదాకా "అరే సామేలుగా" అన్నవాళ్లు లేచి నిలబడ్డారు. పటేలు తన అరుగు మీద కుర్చీ వేయించి, తాను తాగే కప్పులోనే అతనికి చాయ పోయించాడు. బడిలో పంతులు పిల్లలకు కిటికీలోంచి జీపును చూపించి, చదువుకుంటే ఇట్లా అవుతారని చెప్పాడు. జీపు తిరిగొచ్చిన చప్పుడు వినేదాకా కొమురమ్మ మాత్రం కంచం ముందు కూర్చునేది కాదు. మొగుడికి ఇంత పేరొచ్చాక కూడా మనిషి చిక్కిపోవడం ఏమిటని వాడలో వింతగా చెప్పుకున్నారు.

సమానత్వం సిరిసిల్లలో దెబ్బతింది. అక్కడ మరమగ్గాల సేట్లు శాంతి సభ పెట్టి, పోలీసులకు సన్మానం తలపెట్టారు. జీపులో ముందు కూర్చున్నవాడే సాబు అని లోకమంతటికీ తెలుసు. దండలన్నీ సామేలు మెడలో పడ్డాయి. సర్కిల్ సాబు వెనక నుంచి వంగి దిగేసరికి ఒక నిమ్మకాయ మాత్రం మిగిలింది.

కమిటీ మళ్లీ కూర్చుంది. అదృష్టవశాత్తు ఇంజనీరు దగ్గర కొత్త సమాచారం ఉంది. అడవిలోని అన్నలు ఈ మధ్య ముందు చక్రాలను పోనిచ్చి, వెనక చక్రాల కింద పేలుస్తున్నారట. డిజైన్‌ను వెంటనే మెరుగుపరిచారు. పలక ముందుకు వచ్చింది. దాంతోపాటు సాబు కూడా వచ్చాడు. సామేలు వెనక్కి పోయాడు. పలక ఊడదీసిన చోట బోల్టుల కన్నాలు మిగిలాయి. కూర్చుంటే కాళ్ల మధ్య నుంచి రోడ్డు ఉరుకుతూ కనబడుతుంది. వెనక సీటుకు గాలి బాగా వస్తుందని నివేదికలో రాశారు.

ముందున్న ఇన్ని రోజులూ సామేలు బతుకుతాడా చస్తాడా అని ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్లు లేరు. వెనక్కి పంపారని తెలియగానే, చావింటికి వచ్చినట్టు ఊరంతా వచ్చింది. పటేలు దారిలోనే ఆపి, "ఏం తప్పు జేసినవ్ రా, ఎనుకకు నూకిండ్రు?" అని నిలబెట్టి అడిగాడు. మల్లవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"తప్పేం జెయ్యలేదు పటేలా. ముంగట బాంబు లేదంట, గందుకే," అన్నాడు సామేలు. అది ఎవరికీ సమాధానంలా వినిపించలేదు.

ఆ ఆదివారం ప్రార్థనలో పాస్టరు ప్రత్యేకంగా సామేలు పేరెత్తాడు. వాడలోని వాళ్లంతా మోకరించి, కళ్లు మూసుకొని, ప్రభువా, మా బిడ్డను మళ్లీ ముందు సీట్లో కూర్చోబెట్టు అని కన్నీళ్లతో వేడుకున్నారు.

కొమురమ్మ ఒక్కతే ఆమేన్ అనలేదు. ఆమెకు విశ్వాసం కొంచెం తక్కువని వాడలో ఇప్పటికీ అనుకుంటారు.