డాబా మీద కలుపు

ఆ ఉదయం తిరుపతి వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి వచ్చే పురుగుమందుల డీలరుకు ఆఫీసు డాబా మీద పత్తి వేసిన రెండు మట్టి పెట్టెలు చూపించాలి, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి. హైటెక్ సిటీలో కూర్చుని రైతులకు ఫోన్లో సలహాలిస్తూ, డీలర్లకు కలుపు మందులమ్మే ఆ కంపెనీలో పత్తి చేను తొక్కినవాడు అతనొక్కడే. చేరి నాలుగు నెలలైనా అతన్ని పలకరించే దిక్కు లేదు. పక్క సీటు వర్షిత కూడా కంప్యూటర్లోనే "హాయ్" కొట్టేది. మధ్యాహ్నాలు డాబా ఎక్కి, మొక్కల పక్కన ఒక్కడే డబ్బా విప్పుకునేవాడు. బాధగానే ఉండేది.

రెండు పెట్టెల్లోనూ అతని ఊరి చేను మట్టే. విత్తిన మర్నాడు, మట్టి తడి మీద ఉండగానే, మొదటి పెట్టెకు కలుపు మొలవకుండా మందు కొట్టాడు. రెండోదాన్ని కావాలనే వదిలేశాడు. అందులో గడ్డి ఏపుగా లేస్తేనే కదా మందు పనితనం డీలరుకు కనిపించేది. తీరా పది రోజులు జిల్లాలు తిరిగొచ్చి చూస్తే, రెండో పెట్టెలోనూ పత్తి మొక్కలే తప్ప గడ్డిపోచ లేదు.

"రెండింటికీ కొట్టేశావా ఏంటి?" అన్నాడు మేనేజరు రాబిన్.

"లేదు సార్."

"మందు లేకుండానే కలుపు రాకపోతే ఇంక ఆయన మన దగ్గర ఏం కొంటాడయ్యా? గంటలో గడ్డి ఉండాలి. లేదంటే నీ పర్మనెంటు సంగతి మర్చిపో."

పుట్టి బుద్ధెరిగాక కలుపు పీకడమే తప్ప వెతకడం ఎరగని తిరుపతి కవరు పట్టుకుని రోడ్డెక్కాడు. ఆఫీసు లాన్‌లో చెయ్యి పెడితే తోటమాలి అరిచాడు. హోటల్ ముందు పచ్చగా ఉందని వంగితే అది ప్లాస్టిక్. చివరికి కొత్తగూడలో ఒక ఖాళీ ప్లాటు గోడ దూకి, నాలుగు గునుగు మొక్కలు, ఇంత గరిక వేళ్లతో సహా పెకలించుకొచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఎల్లేశం కవరు విప్పించాడు.

"ఏంది సార్, గడ్డా?"

"ఆఫీసు పనే అన్నా."

ఎల్లేశం జాలిగా చూసి రిజిస్టర్లో ఎక్కించుకున్నాడు. తిరుపతి పరుగున డాబా ఎక్కి అన్నీ నాటి, నీళ్లు పోసి, చేతులు కడుక్కోవడానికి కిందికి దిగాడు. రాబిన్‌తో, డీలరుతో కలిసి మళ్లీ ఎక్కేసరికి రెండో పెట్టెలో పత్తి మొక్కలే మిగిలాయి. పక్కన, ఆఫీసు ఊడ్చే నీలమ్మ, గుప్పెడు గునుగుతో.

"పీకింది నువ్వా?" అన్నాడు తిరుపతి నీరసంగా.

"రోజూ నేనే తీస్తున్న బిడ్డా. పది దినాలు నువ్వు కానరాకపోతివి, జరమొచ్చిందేమో అనుకున్న. గడ్డి చూస్తే సార్లు నిన్ను పనికిరాడంటరని తీసిన. ఇయ్యాల తిన్నవా?"

ఈ ఊళ్లో తిరుపతిని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"మందు లేకున్నా గింత సాఫుంటదా? ఇగ నాకెందుకు మందు?" అని డీలరు మెట్లు దిగిపోయాడు.

"ఎవరయ్యా ఈవిడ?" పళ్లు కొరికాడు రాబిన్.

"మా పెద్దమ్మ సార్," అన్నాడు తిరుపతి.

పర్మనెంటు మాట మళ్లీ విత్తి, కలుపు మొలిచాక చూద్దామన్నారు. నీలమ్మను మాత్రం ఆ రోజే ఆరో అంతస్తుకు మార్చారు కాబట్టి, మధ్యాహ్నాలు తిరుపతి డబ్బా పట్టుకుని, డాబా ఎక్కే బదులు రెండు అంతస్తులు దిగాల్సి వస్తోంది.