ఇనుమును మట్టి చేసే ఉచిత కర్మాగారం

తుప్పు మనకు దొరికిన వరం! నవ్వకండి. ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఊరికే అనను.

ఇనుము తియ్యాలంటే ఎంత అవస్థో ఆలోచించండి. కొండను తవ్వాలి. ఖనిజాన్ని పగలగొట్టాలి, కడగాలి. బొగ్గూ సున్నపురాయీ కలిపి బ్లాస్ట్ ఫర్నేసులో పొయ్యాలి. లోపల పదిహేను వందల డిగ్రీల వేడి! ఇదంతా ఎందుకు? ఇనుమును పట్టుకుని వేలాడుతున్న ఆక్సిజన్‌ను విడదీయడానికి. అది విడిపోయాక, పైకి తేలిన మడ్డి తీసేస్తే అడుగున మిగిలేది ఇనుము.

మరి మా మైపాడు వైపు సముద్రపుగాలి ఏం చేస్తుంది? విడిపోయిన ఆ ఇద్దర్నీ మళ్ళీ కలుపుతుంది! కొలిమి లేదు, బొగ్గు లేదు, కరెంటు బిల్లు లేదు. రెండు వర్షాకాలాలు దాటేసరికి గేటు కాస్తా ఎర్రమట్టి. ఇనుమును పుట్టింటికి పంపే కర్మాగారం ఇంత చవగ్గా ఇంకెక్కడైనా నడుస్తోందా?

లాభాలు చూడండి. మా వీధి తలుపు తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇక అది ఏ దొంగకూ తెరుచుకోదు. నాకూ తెరుచుకోదనుకోండి. పక్కింటి చెంగయ్య పెరట్లోంచి తిరిగి ఇంట్లోకి వెళుతున్నాను. అలా వెళ్ళే ప్రతిసారీ అతని భార్య నాగులమ్మ ఒక గ్లాసు టీ చేతిలో పెడుతోంది. ఒంటరివాడికి ఇది తక్కువ మేలా?

వరండాలో ఒక ఇనుప కుర్చీ ఉంది. తెల్లపంచెతో వచ్చి కూర్చున్న చుట్టం లేచేసరికి వెనకాల భారతదేశ పటం! ఆ చుట్టం రెండో పూట ఉంటాడా?

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. మా ఇంట్లో ఈ ప్రగతికి ఎదురు తిరిగింది దోసెల పెనం ఒక్కటే. మా ఆవిడ ధనలక్ష్మి ఉన్నన్నాళ్ళూ, దోసెలయ్యాక దానికి నూనె రాసి బోర్లించేది. ఆమె పోయి నాలుగేళ్ళయినా ఆ పని నేను మానలేకపోయాను. అది ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. దేశం నన్ను క్షమించాలి.

ఇక మా పాలేనికి గర్వకారణం ఉప్పుకాలువ మీది ఇనుప వంతెన. ఇటు మా ఇళ్ళు, అటు బస్సులొచ్చే రోడ్డు. నాగులమ్మ రోజూ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని దాని మీదుగానే బస్సుకు వెళ్ళాలి. కట్టి రెండేళ్ళే అయింది. అప్పుడే అడుగున పరిచిన రేకుల్లోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. కాలువను ఇంత వివరంగా చూపించే వంతెన మీ ఊళ్ళో ఉందా?

నిజానికి ప్లానులో ప్రతి ఇనుపముక్కకూ తుప్పు పట్టకుండా జింకు పూత ఉంది. ఖనిజాన్ని కాల్చి, ఆమ్లంలో కరిగించి, కరెంటు పంపి జింకు ఎలా తీస్తారో నేను ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. కాంట్రాక్టరు సంజీవరావు గారు మాత్రం పొగ రాకుండా, మడ్డి మిగలకుండా, ప్లాను కాగితంలోంచే జింకు తీసి జేబులో వేసుకున్నారు! ఇంతటి పద్ధతి సిలబస్‌లో లేకపోవడం మన దురదృష్టం.

మేము అర్జీ పెడితే, ఇంజనీరు శివశంకర్ గారు ఆయన్ను వెంటబెట్టుకుని రొయ్యల చెరువుల గట్ల మీద చుట్టు తిరిగి జీపులో వచ్చారు. తప్పు మాదేనని తేల్చారు. సాక్ష్యం కూడా ఉంది. కొత్త పడవను దించే ముందు సముద్రపు నీళ్ళతో కడిగి పసుపు కుంకుమ పెట్టడం మావాళ్ళ ఆచారం. వంతెన కూడా కాలువ దాటించేదే కదా! అందుకని ప్రారంభం రోజున దానికీ నలభై బిందెలతో స్నానం చేయించారు.

"ఉప్పునీళ్ళు పోసింది మీరే. తుప్పు పట్టక ఏం చేస్తుంది?" అన్నారు సంజీవరావు, సెల్‌ఫోన్లో ఆనాటి ఫొటో చూపిస్తూ.

నాగులమ్మ గంప దించకుండానే అందుకుంది. "ఏందయ్యా నువ్వు చెప్పేది? దినానికి రెండు మాట్లు పోటు నీళ్ళు వచ్చి దాని కాళ్ళు కడగతా ఉండాయే! మేము ఒక్కనాడు పోసిన నీళ్ళకే కరిగిపొయ్యిందా? ఇనుముతో కట్టినారా, బెల్లంతో కట్టినారా?"

చెంగయ్య పక్కకు జరిగి ఇంజనీరుకు దారి ఇచ్చాడు. "ఎక్కండి సార్. మధ్యలో నిలబడితే బాగా అగపడతాది."

"ఇక్కణ్ణించి కూడా కనిపిస్తోందిలే."

"అదేంది సార్! మా ఆడది ముప్పై కిలోల గంపతో పోతా ఉండాది. మీ చేతిలో ఫైలొక్కటే గదా!"

తనిఖీ అంటే రెండు చివర్లూ చూడాలి. ఇంజనీరు గారు చూశారు. జీపెక్కి, మళ్ళీ ఆరు కిలోమీటర్లు గట్ల మీద తిరిగి, అవతలి ఒడ్డుకు చేరారు. అప్పటికే నాగులమ్మ వంతెన దాటి బస్సు కోసం నిలబడి ఉంది. ఆమె అడుగు వేసిన చోటే అడుగు వేస్తూ నేనూ దాటాను.

ఇంజనీరు గారు జీపు బానెట్ మీద ఫైలు పరిచి, 'వంతెన రాకపోకలకు యోగ్యంగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టారు. తర్వాత నాగులమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"అక్కా, రేపట్నించి గంపలో చేపలు కొంచెం తక్కువ పెట్టుకో."

"ఎన్ని కిలోలు తగ్గించమంటారు సార్? అదన్నా ఆ కాయితంలో రాసి పొండి!"

జీపు కదిలిపోయింది.

చూశారా? ఫైల్లో రాయలేని నిజాన్ని ఆయన ఆమె చెవిలో ఉచితంగా చెప్పి వెళ్ళారు. సంతకం పెట్టిన చేతికి కూడా ఇంత దయ పుట్టించగలిగింది తుప్పు కాక ఇంకేమిటి చెప్పండి!